బర్రెలు లేని ఊరు

పోయిన వారం మునిసిపాలిటీ నుంచి ఒకాయన రిజిస్టరు పట్టుకుని వచ్చి, ఇంట్లో నల్లాలెన్ని అని అడిగాడు. నేను గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి మా కోడలు "ఒక్కటే సార్" అంది. రెండున్నాయి. ఎందుకు అడుగుతున్నారని ఆమె అడగలేదు, ఆయనా చెప్పలేదు. రాసుకుని పోయాడు. కోడలు బయటికి వచ్చి ఏదో గెలిచినట్టు నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. మా ఊరంతటికీ ఆ నవ్వు నేర్పిన మనిషి ఒకడుండేవాడు. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది.

పేరు రాయను. ఆయన మనవలు ఇదే సందులో ఉన్నారు. వాళ్ల పెళ్లిళ్లకు నేను పోవాలి, మా ఇంటి పెళ్లిళ్లకు వాళ్లు రావాలి. చుట్టరికం దూరపుదే అయినా, మా బాపు కంటే పెద్దవాడు కాబట్టి పెద్దబాపు అని పిలిచేదాన్ని. ఇక్కడా అట్లాగే రాస్తాను.

మా ఊరు చార్మినార్‌కు దక్షిణాన ఉండేది. తెల్లవారకముందు పాల కావడి ఎత్తుకుంటే ఎండెక్కే వేళకు పాతబస్తీ చేరేంత దూరం. ముప్పై ఇళ్లు. చేలల్లో మట్టి కంటే రాళ్లెక్కువ. వానలు పడితే జొన్న పండేది, పడకపోతే లేదు. మమ్మల్ని బతికించినవి బర్రెలు. బర్రెల్ని బతికించింది గుట్ట కింది కంచ. కంచ అంటే ఊరందరి పశువులూ మేసే బీడు. పొద్దున విడిచిపెడితే పొద్దుగూకే వేళకు కడుపు నింపుకుని వాటంతట అవే ఇంటికి వచ్చేవి. గడ్డి కొనాలన్న మాట ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ కంచ ఎవరి పేరు మీద ఉందో కూడా ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు.

నిజాం సర్కారు రోజులవి. ఊరికి పటేలున్నాడు, పట్వారీ ఉన్నాడు, కాగితాలన్నీ వాళ్ల దగ్గరే. కాని ఊళ్లో ఏ సంగతైనా తేలేది చావడి అరుగు మీద, పెద్దబాపు రుమాలు చుట్టుకున్న తర్వాతే. ఎవరేం అడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. తలకున్న రుమాలు విప్పి, ఒళ్లో వేసుకుని దులిపి, మళ్లీ చుట్టుకునేవాడు. నాలుగు చుట్లు. చివరి కొస చెక్కే సరికి జవాబు తయారయ్యేది. చెక్కిన తర్వాత ఆ మాట మారేది కాదు. మారదన్నదే ఆయన గొప్ప.

ఒకసారి తోవలో ఆరబోసిన జొన్నలను ఎవరి బర్రెనో మెక్కి పోయింది. జొన్నలామె చావడికి వచ్చి నెత్తి కొట్టుకుంది. పెద్దబాపు రుమాలు విప్పి చుట్టాడు.

"తొవ్వల పోస్తివి. తొవ్వల ఉన్నది తింటది. బర్రెకేం ఎర్క, అవి నీ జొన్నలని?"

"ఎవరి బర్రెనో గదన్న చెప్పున్రి. ఒక్క తూమన్న ఇప్పియ్యున్రి."

"ఎవల్దైతేంది? తప్పు నీది."

రెండు రోజులకు తెలిసింది, తిన్నది ఆయన బర్రెనే. ఆయనకూ తెలిసింది. జొన్నలామె మళ్లీ చావడికి రాలేదు. ఆయన రుమాలు మళ్లీ విప్పలేదు.

ఆఫీసర్ల ముందు మాత్రం ఆయన వేరే మనిషి. రెండు అరచేతులూ తెరిచి చూపించి, తల ఒక పక్కకు వంచి, "కుఛ్ నై హుజూర్, గరీబ్ ఊరు" అనేవాడు. గొంతు ఎంత సన్నగా అయ్యేదంటే, పొద్దున అదే గొంతు గుట్ట మీది బర్రెలకు వినబడిందంటే ఎవరూ నమ్మరు. మేము పిల్లలం ఆటల్లో ఆఫీసరు, పెద్దబాపు ఆడుకునేవాళ్లం. అందరికీ పెద్దబాపే కావాలి. ఆఫీసరు అవుతానని ఎవరూ అనేవారు కాదు.

"సర్కారు అడిగిందంటే తీస్కపోనీకే అడిగింది" అని ఆయన మాటిమాటికీ అనేవాడు. అందులో అబద్ధం లేదు. నేను చూశాను. నాకు ఐదారేళ్లప్పుడు ఒక పెద్ద ఆఫీసరు ఊళ్లు తిరిగే దౌరాకు వచ్చి మామిడితోపులో డేరా వేశాడు. ముందు రోజు ఎవరెవరికి ఎన్ని బర్రెలో లెక్క రాసుకున్నారు. మర్నాటి నుంచి బర్రెకు ఇంత అని పాలు డేరాకు పోయాయి. నాలుగు రోజులు. పాలే కాదు, నెయ్యి, కోళ్లు, మంచాలు, కట్టెలు. మా తమ్ముడు అప్పుడు పాలు తాగే పిల్లవాడు. అమ్మకు పాలు పడక బర్రెపాలు పట్టేది. ఆ నాలుగు రోజులూ వాడికి జొన్న గంజి పోసింది. వాడి ఏడుపు డేరా దాకా వినబడుతుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ తర్వాతే పెద్దబాపు బర్రెల్ని దాచడం నేర్పాడు. లెక్క అనే మాట వినబడితే చాలు, బర్రెలు గుట్ట వెనక వాగులోకి పోయేవి. రెండుసార్లు అట్లా గట్టెక్కాము. మా అమ్మ పొద్దున లేచి ఆయన ఇంటి వైపు తిరిగి దండం పెట్టుకునేది. ఆయన మంచి చేయలేదని నేను అనను. చేశాడు. తరువాత జరిగినదానికి మొదలు కూడా అదే.

నాకు తొమ్మిదేళ్లప్పుడు పట్వారీ చావడికి వచ్చి, మూడు రోజుల్లో గిర్దావరు సాబ్ వస్తున్నాడు, బర్రెల లెక్క రాస్తాడు అని చెప్పి పోయాడు. గిర్దావరు అంటే తహసీలు కచేరీ నుంచి ఊళ్లు తిరిగి చూసిపోయే ఆఫీసరు. ఆ సాయంత్రం మగవాళ్లంతా చావడి దగ్గర కూడారు. బాపును పిలవడానికి పోయిన నేను గోడ పక్కనే నిలబడ్డాను.

"ఎందుకు లెక్కనో అడుగుదమానే అన్నా?" అన్నాడు మా బాపు.

అందరూ నవ్వారు. ఒకాయన అన్నాడు: "అడుగుపో. సాబ్, ఎన్ని పాలు గావాలె, ఇంటికే తెచ్చిస్త అని గూడ అడుగు."

బాపు తల వంచుకున్నాడు. పెద్దబాపు రుమాలు విప్పాడు, దులిపాడు, చుట్టాడు.

"అన్ని వాగులకే. ఎండిపోయిన ముసలియి మూడు ఊర్ల ఉండనీయున్రి. ఒక్కటి గూడ లేదంటే నమ్మడు."

మూడు రోజులు ఊరంతా ఒకటే పని. ఆయన కర్ర పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. కొట్టాల్లో గూటాలు పీకించాడు. పేడ ఎత్తించి, నేల అలికించి, పైన బూడిద చల్లించాడు. కుడితి గాబులు బోర్లించాడు. చల్ల కవ్వాలు అటకలెక్కాయి. మెడ గంటల్లో గడ్డి కుక్కించాడు. దూడలు ఇంట్లో ఉంటే అరుస్తాయి, వాటికి వాగులోంచి తల్లులు పలుకుతాయి, అందుకని దూడల్నీ తల్లులతోనే పంపమన్నాడు. వాగులో ఉన్న రోజు పాలన్నీ దూడలే తాగాయి. పాతబస్తీలో మా వాడుకలవాళ్లకు పాలు పోలేదు. చివరి రోజు ఆయన మా గోడ ముందు ఆగాడు. గోడ నిండా పిడకలు.

"గివేంది? మూడు ముసలి బర్లు ఇన్ని వెడ్తయా?"

అమ్మా నేనూ సగం ఆరిన పిడకల్ని ఒక్కొక్కటే పీకి గడ్డివాములో దాచాము. ప్రతి ఇంట్లో ఆడవాళ్లు అదే పని చేశారు. పీకుతుంటే సగం విరిగిపోయాయి. వానాకాలం పొయ్యికి దాచుకున్న పిడకలవి.

గిర్దావరు సైకిలు మీద వచ్చాడు. సన్నటి మనిషి. డేరా లేదు, వెనక జవాన్లు లేరు. చావడి ముందు మంచం వాల్చి, పెద్దబాపు ముంతలో పాలు పెట్టించాడు. ఎక్కడివని అడిగితే పక్క ఊరి నుంచి తెప్పించామని చెప్పాలని ముందే అనుకున్నారు. ఆయన అడగలేదు. "దూద్ నక్కో" అన్నాడు. తన సంచిలోంచి రొట్టె తీసుకుని తిన్నాడు. నీళ్లు మాత్రం అడిగాడు. చెంబుతో నన్ను పంపారు.

జనం దూరంగా చెప్పులు విడిచి నిలబడ్డారు. వాళ్లలో గుసగుసలు. పాలు వద్దన్న ఆఫీసరును ఎవరూ చూడలేదు. ఇంతకంటే పెద్దది ఏదో తీసుకుపోవడానికి వచ్చాడని అందరికీ రూఢి అయింది.

ఆయన పట్వారీకి, పెద్దబాపుకు ఉర్దూలో నెమ్మదిగా చెప్పాడు. చెంబు పట్టుకుని నేను అక్కడే ఉన్నాను. అంతకుముందు రెండేళ్లు పాతబస్తీలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి బడికి, అప్పటి మాటలో మదర్సాకు, పోయాను. చదువంతా ఉర్దూలోనే. అమ్మ కాన్పుకు ఇంటికి పిలిపించాక ఆగిపోయింది. అయినా ఆ రోజు ఆయన చెప్పింది నాకు అర్థమైంది. ఈ లెక్క దౌరా కోసం కాదు. ఊళ్లో ఎన్ని బర్రెలుంటే దానికి సరిపడా కంచ ఊరి పేరు మీద రాస్తారు. మిగిలినది హర్రాజు వేస్తారు, ఎక్కువ పాడినవాడికి ఇస్తారు. "సచ్ బోలో. ఇది మీ ఫాయిదా కోసమే" అన్నాడు.

పట్వారీ జనం వైపు తిరిగి, "సాబ్ నిజం చెప్పమంటున్నడు" అన్నాడు. అంతే చెప్పాడు. ఎందుకు అంతే చెప్పాడో నాకు తెలియదు. హర్రాజులో ఆయన బావమరిదికి వాటా ఉందని తర్వాత అన్నారు. నేను చూడలేదు.

పెద్దబాపు రుమాలు విప్పాడు.

నేను ఆయన్నే చూస్తున్నాను. ఊరంతా ఆయన్నే చూస్తోంది. ఆ రోజు దులపడం చాలాసేపు పట్టింది. ఒక చుట్టు చుట్టి ఆగాడు. మళ్లీ విప్పాడు. అట్లా ఆయన ఎన్నడూ చేయలేదు. తర్వాత నాలుగు చుట్లూ చుట్టి, కొస చెక్కి, అరచేతులు తెరిచాడు.

"కుఛ్ నై హుజూర్. తీన్ బుడ్డే బర్రెలు. గరీబ్ ఊరు."

గిర్దావరు సంచిలోంచి కాగితం తీశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బేటీ, మదర్సాకు పోయినవా?"

"జీ."

"మీ ఇంట్ల బర్లు ఎన్ని?" తెలుగు కూడబలుక్కుంటూ అడిగాడు.

మా ఇంట్లో ఏడున్నాయి. వాటిలో నల్లమచ్చది నా చేతి కుడితి తప్ప ఎవరు పెట్టినా తాగదు. పెద్దబాపు నన్ను చూడలేదు. నేల వైపు చూస్తున్నాడు. దూరం నుంచి అమ్మ నన్నే చూస్తోంది.

"లేవు సాబ్" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. కాగితం కింద పెద్దబాపు మొదట వేలిముద్ర వేశాడు, వెనక అందరూ వేశారు. గిర్దావరు సైకిలు నడిపించుకుంటూ మా ఇంటి ముందు నుంచే పోయాడు. గోడ దగ్గర ఆగాడు. పిడకలు లేవు గాని, వాటి గుండ్రటి మచ్చలు గోడ నిండా ఉన్నాయి. ఒక మచ్చ మీద చెయ్యి పెట్టి చూశాడు. తడి ఇంకా పోలేదు. వెనక వస్తున్న పెద్దబాపును చూసి "ఆప్‌కీ మర్జీ" అన్నాడు. మీ ఇష్టం అని. సైకిలెక్కి పోయాడు.

ఆ సాయంత్రం వాగులోంచి బర్రెలు వస్తుంటే ఊళ్లో పండగలా ఉంది. గంటల్లోంచి గడ్డి పీకుతూ మగవాళ్లు ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. నేను అమ్మకు చెప్పాలనుకున్నాను. అమ్మ ఆయన ఇంటి వైపు తిరిగి దండం పెడుతోంది. చెప్పలేదు.

వానలు వెనకబట్టాక కంచ చుట్టూ ముళ్లకంప పడింది. ఇద్దరు కావలివాళ్లు వచ్చారు. లోపలికి పోయిన బర్రెల్ని పట్టి బందెలదొడ్డిలో పెట్టారు. మగవాళ్లు కచేరీకి పోతే కాగితం చూపించారు. ఊళ్లో మూడు బర్రెలు, మూడింటికి చాలేంత బీడు చావడి వెనక వదిలారు. కింద మీ వేలిముద్రలే కదా అన్నారు. కంచ గడ్డిని పట్నం గుత్తేదారు ఒకడు హర్రాజులో పాడుకున్నాడు.

రెండేళ్లలో ఊరు ఖాళీ అయింది. కొందరు బర్రెల్ని అమ్మేశారు. కొందరం వాటిని తోలుకుని పాతబస్తీకి వచ్చి, ఈ సందులో ఇరుకు వాకిళ్లు కిరాయికి తీసుకుని కట్టేశాం. మా ఏడింటిలో మూడు వచ్చాయి. నల్లమచ్చది రాలేదు. నా పెళ్లి కూడా ఈ సందులోనే అయింది.

పెద్దబాపు కూడా వచ్చాడు. ఆయన బర్రె గోడకు మూతి ఆనించి నిలబడేది. తిరగడానికి చోటు లేదు. పొద్దున్నే ఆయన గడ్డి బండ్లు ఆగే చోటికి పోయేవాడు. ఒక మోపులోంచి పరక లాగి, నమిలి, "ఇది మన గుట్ట కిందిది" అనేవాడు. ఇంకో మోపులోంచి లాగి, "ఇది గాదు" అనేవాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. గడ్డి అమ్మేవాడికి విసుగొచ్చేది.

"లేనా హై తో లేవ్ బడే మియా, తీస్కుంటె తీస్కో. రోజు నమిలి పోతున్నవు, నువ్వేమన్న బర్రెవా?"

ఆయన నవ్వేవాడు కాదు. మన గుట్ట కింది మోపే తీసుకునేవాడు. అది మిగతావాటి కంటే ఎక్కువ ధర. పక్కనే చవకది ఉంటే అదెందుకని నేను కోప్పడేదాన్ని.

విచిత్రమేమంటే, సందులో మావాళ్లు ఏ పెళ్లిలో కలిసినా, ఏ అరుగు మీద కూర్చున్నా చెప్పుకునేది ఆ దాపుడు కథే. ఊరి బర్రెలన్నీ ఒక్కటి కూడా అరవకుండా వాగులో ఎట్లా నిలబడ్డాయో, గిర్దావరు గోడను తడుముకుంటూ ఎట్లా పోయాడో. కంచ పోయిన కథ వేరే. అది సర్కారు చేసిన అన్యాయం. ఆ రెండూ ఒక్కటేనని ఎవరూ అనుకోలేదు. వాళ్లు చెప్పుకుంటుంటే పెద్దబాపు మధ్యలో కూర్చుని, అవునన్నది లేదు, కాదన్నది లేదు.

ఆయన చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను జావ తీసుకుపోయాను. కొడుకులు పనికి పోయారు. బర్రె పక్కనే మంచం. జావ సగం తాగి గిన్నె పక్కన పెట్టాడు.

"ఆ దినం గిర్దావరు చెప్పింది నీకు సమజైంది గదా బిడ్డా?"

"అయింది పెద్దబాపు."

"నాగ్గూడ అయింది."

"మరెందుకు చెప్పలె?"

చెయ్యి తలకు పోయింది. రుమాలు లేదు. చెయ్యి కిందికి దించాడు.

"మూడొద్దులు ఊరంతటితోని గొడ్డు చాకిరి చేపిచ్చిన. అందరు నా మొకం దిక్కే చూస్తున్రు. వాగులకెళ్లి తోల్కరాపోన్రి, నేను తప్పు చెప్పిన అని ఎట్లంటా? నేనన్న మాట ఎన్నడన్న మారిందా?"

"మాట నిలవెట్టుకున్నవ్."

"ఆ." గోడకు మూతి ఆనించిన బర్రెను చూపించాడు. "గా నిలవెట్టింది గిదే."

నాకు జాలి కలగలేదు. ఏడుపూ రాలేదు. తాగకుండా వదిలిన జావ పారబోయడం ఇష్టం లేక ఆ సగం బర్రె కుడితిలో కలిపి వచ్చాను. ఎవరికీ చెప్పొద్దని ఆయన అనలేదు. చెప్పనని నేనూ అనలేదు.

చలికాలంలో పోయాడు. దినాలనాడు సందంతా విస్తళ్లు పరిచారు. మగవాళ్లు తింటున్నారు, ఆడవాళ్లం వడ్డిస్తున్నాం. ఆ దాపుడు కథ ఎవరో మొదలుపెట్టాలి కదా, మొదలుపెట్టింది మా బాపే. లెక్క ఎందుకో అడుగుదామన్న ఒక్క మనిషి. ఇప్పుడు ఆయనే చేతులు తిప్పుతూ చెబుతున్నాడు.

"ఏం దిమాగు. ఏం దిమాగు. ఎంతమంది ఆఫీసర్లు వచ్చిన్రు, ఒక్కనికన్న మన బర్రె తోక దొరికిందా?"

నవ్వులు. నా చేతిలో పప్పు గిన్నె ఉంది.

"గిర్దావరు నిజమే చెప్పిండు బాపు" అన్నాను. "బర్లు చూపిస్తే కంచ మనకే రాస్తనన్నడు. పెద్దబాపుకు సమజైంది. సమజయ్యే లేవన్నడు. నాతోని ఆయనే చెప్పిండు."

నవ్వులు ఆగాయి. ఒకాయన ముద్ద నోటి దగ్గరే పెట్టుకున్నాడు.

"సచ్చినోని మీద ఎందుకు బిడ్డా" అన్నాడు బాపు.

"అబద్ధం గాదు. నేను ఆడనే ఉన్న, నీళ్ల చెంబు పట్టుకుని. నాగ్గూడ వినవడ్డది."

బాపు విస్తరి మీంచి తలెత్తాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"నీగ్గూడ సమజైంది."

"అయింది."

"మన ఇంట్ల ఎన్ని అని నిన్నడిగిండు గదా. నువ్వేమన్నవ్ బిడ్డా?"

రెండు వరసల మనుషులూ నా వైపే చూస్తున్నారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లని అనవచ్చు. అనలేదు. వంగి ఆయన విస్తట్లో పప్పు వేసి, పక్క విస్తరి దగ్గరికి జరిగాను. కాసేపటికి వరస చివరి నుంచి ఎవరో, "మరి గా పిడ్కల సంగతి చెప్పవైతివి" అన్నారు. బాపు గొంతు సవరించుకుని మళ్లీ అందుకున్నాడు.